ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి

పోయిన నెల ఒక మధ్యాహ్నం భోంచేసి మంచం మీద వాలానో లేదో ఫోను మోగింది. తెలియని నెంబరు.

"సార్, మీరు ఖతర్‌ల పనిచేసిన సారేనా? మా మామ ఫోన్ల మీ నెంబరు ఉన్నది. అందరికి చెప్పుకుంట అస్తున్న. మామ పోయిండు సార్. పదకొండొద్దులు గూడ అయినయి."

ఏ మామో అర్థం కాలేదు. "ఆ ఫోనులో నా పేరు ఏమని ఉంది బాబూ?" అని అడిగాను.

"ఇంగ్లీష్ తమ్మి అని ఉన్నది సార్."

తెలిసిపోయింది. బాధపడాల్సిన చోట ముందు నవ్వు వచ్చింది నాకు. అవతల ఆ మేనల్లుడు ఏమనుకున్నాడో ఏమో. డిగ్రీలో ఇంగ్లీషు లిటరేచర్ చదివి దోహాలో దిగిన నాకు, ఇంగ్లీషులో ఎవరు ఏం మాట్లాడుతున్నారో మూడేళ్ళపాటు అర్థం చెప్పినవాడు ఆయన. ఆయన చదువు నాలుగో తరగతి, అదీ జగిత్యాల దగ్గరి ఒక పల్లెలో.

పేరు రాయను. అసలు ఆయన పేరు దోహాలో ఎవరూ సరిగ్గా పలకలేదు. అమెరికా ఇంజనీరు మొదటి రోజు నుంచీ 'బడ్డీ' అని పిలిచేవాడు. మా కాకినాడ వైపు బడ్డీ అంటే రోడ్డు పక్కన సోడాలూ బీడీలూ అమ్ముకునే కొట్టు. ఆ సంగతి నేను చెబితే పది నిమిషాలు ఆలోచించి, "నాకు కొట్టున్నదని ఆయనకు ఎవలు చెప్పిన్రు తమ్మి?" అన్నాడు. ఇంగ్లండు ఇంజనీరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరుకు ముందు మిస్టర్ తగిలించి, గొంతు సవరించుకుని పిలిచేవాడు. ఆ పిలుపు విన్న ప్రతిసారీ మనవాడు వెనక్కి తిరిగి, తన వెనక ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమోనని చూసేవాడు.

చమురు ధర రోజుకో మెట్టు ఎక్కుతున్న కాలం అది. దోహాలో ఎక్కడ చూసినా క్రేన్లు. మా కంపెనీ దుఖాన్ రోడ్డులో అల్ షహానియా దాటాక పైపులైను వేస్తోంది. నా ఉద్యోగం డాక్యుమెంట్ కంట్రోలర్. అంటే కాగితాలకు నెంబర్లు వేసి, ఏ కాగితం ఎవరి బల్ల మీదికి పోవాలో చూడటం. మా నెత్తిన ఈ ఇద్దరు ఇంజనీర్లే అధికారులు. పని పద్ధతిగా జరుగుతోందా అని చూడటం ఇంగ్లీషాయన వంతు. పని త్వరగా అవుతోందా అని చూడటం అమెరికాయన వంతు. ఇద్దరిలో ఎవరు పెద్ద అన్నది కంపెనీ ఏ కాగితంలోనూ రాయలేదు. నాకు తెలుసు, నేను వెతికాను. ఇద్దరి ఇళ్ళూ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒకే ఆవరణలో. ఇద్దరికీ కలిపి ఒకటే బండి. రెండు వీధుల అవతల ఉండే నన్నూ అదే బండిలో ఎక్కించుకునేవారు. దాన్ని నడిపేవాడు మా జగిత్యాల ఆయన.

అప్పటికి నలభై అయిదేళ్ళు ఉంటాయి. పొట్టి మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాకు మెడ దాకా గుండీలు పెట్టుకునేవాడు. డిసెంబరులో ఒక గోధుమరంగు స్వెటర్ తొడిగితే మార్చి దాకా విప్పేవాడు కాదు. బండిలో వెనక వచ్చే వాహనాలు కనిపించే అద్దానికి కింద, అబూ హమూర్ బజారులో కొన్న ఇంకో చిన్న అద్దం అతికించుకున్నాడు. ఎందుకన్నా అని అడిగితే, "పెద్దది రోడ్డుకు, చిన్నది మనుషులకు" అన్నాడు. నిజంగానే ఆ చిన్న అద్దంలో బండిలో కూర్చున్న ముగ్గురి మొహాలూ ఆయనకు కనిపించేవి.

ఇద్దరికీ ఆయన పేర్లు పెట్టాడు. ఇంగ్లీషాయన దొర. అమెరికాయన పటేలు.

"మా ఊళ్ళె దొర గిట్లనే ఉంటుండె. గట్టిగ మాట్లాడడు, నవ్వడు, ఏమనుకుంటున్నడో ఎర్కగాదు. గని గీ దొర మంచోడు, ఎవలను ఏమనడు. పటేలు ఉన్నడు సూడు, భుజం మీద చెయ్యేస్తడు, బాగున్నవా అంటడు, జవాబు చెప్పేలోపు పోతడు."

ఆ 'బాగున్నవా' సంగతి నేనూ చూశాను. వచ్చిన కొత్తలో పటేలు "ఎలా ఉన్నావు బడ్డీ?" అనగానే మనవాడు పని ఆపి, చేతులు కట్టుకుని, నిజాయితీగా జవాబు చెప్పడం మొదలుపెట్టేవాడు. "డాటర్ ఫీవర్ సార్, నిన్న ఫోన్..." అనేసరికి పటేలు పది గజాల అవతల ఇంకొకణ్ణి అదే ప్రశ్న అడుగుతుండేవాడు. వారం రోజులకు మనవాడికి తెలిసింది, అది ప్రశ్న కాదని.

దొర ఎండకు గొడుగు వేసుకుని ఎడారిలో నడిచేవాడు. ఎవరైనా తన కాలు తొక్కితే తనే సారీ చెప్పేవాడు. పటేలు చిన్న బకెట్టంత కప్పులో ఐసు నింపుకుని, నమిలిన చప్పుడు బండంతా వినబడేలా నమిలేవాడు. బండిలో పటేలు ఎప్పుడూ ముందు సీట్లోనే. డ్రైవరు పక్కన కూర్చోకపోతే మనిషిని అవమానించినట్టని ఆయన లెక్క. దొర వెనక. డ్రైవరు పని డ్రైవరును చేసుకోనివ్వడమే మర్యాదని ఈయన లెక్క. ఆ కారణంగా పటేలుకు దొర పొగరుమోతుగా, దొరకు పటేలు పద్ధతి తెలియనివాడుగా కనిపించేవారు. పటేలు ఏసీ చివరి దాకా తిప్పేవాడు. దొర కిటికీ నాలుగు వేళ్ళ మందం దించేవాడు. ఏసీ చల్లదనమూ ఎడారి వేడీ రెండూ కలిసి తగిలేది నాకు.

"గట్టిగా అరిస్తే అదే నిజమైపోతుందని అమెరికావాళ్ళ నమ్మకం" అని దొర నాతో మెల్లగా అనేవాడు.

"సామ్రాజ్యం పోయిందన్న కబురు వీళ్ళకింకా చేరలేదు" అని పటేలు అందరికీ వినబడేలా అనేవాడు.

వాళ్ళను చూసి నేను నవ్వుతుంటే మనవాడు ఒకసారి నన్ను పట్టుకున్నాడు. "నువ్వేంది నవ్వుతున్నవు? మీ గోదారోళ్ళు తక్కువనా? అండి అండి అంటరు, లోపలేమున్నదో చెప్పరు. నా మాట విని నువ్వు గూడ నవ్వుకోలేదా మొదట్ల?" నవ్వుకున్న మాట నిజమే. ఆయన భాషను నా గదిలో వాళ్ళకు అనుకరించి చూపించాను కూడా. అది ఆయనకెలా తెలిసిందో నాకు తెలియదు. చిన్న అద్దంలో కనబడి ఉంటుంది.

తారీఖుల గొడవ చెప్పాలి. ఇంగ్లండు వాళ్ళు మనలాగే ముందు రోజు, తర్వాత నెల రాస్తారు. అమెరికా వాళ్ళు ముందు నెల రాస్తారు. ఒక రోజు పటేలు తన చేత్తో చీటీ రాసి ఇచ్చాడు, ఫలానా అతిథిని విమానాశ్రయం నుంచి తీసుకురమ్మని. నాలుగు, గీత, మూడు. మనవాడు మార్చి నాలుగున అతిథి పేరున్న అట్ట పట్టుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాడు. దిగిన ప్రతి తెల్లమనిషి మొహం ముందూ ఆ అట్ట ఆడించాడు. ఆ అతిథి రావాల్సింది ఏప్రిల్ మూడున.

మర్నాడు బండిలో యుద్ధం.

"ప్రపంచంలో అందరూ తారీఖే ముందు రాస్తారు" అన్నాడు దొర, కిటికీలోంచి బయటకు చూస్తూ.

"చంద్రుడి మీదికి వెళ్ళినవాళ్ళు మాత్రం నెల ముందు రాస్తారు" అన్నాడు పటేలు.

మనవాడు బండి పక్కకు తీసి ఆపాడు. ఇద్దరి వైపూ తిరిగి, చీటీ పైకెత్తి, "సార్, వన్ పేపర్, వన్ గెస్ట్. టూ డేట్. ఐ స్టాండింగ్ ఎయిట్ అవర్" అన్నాడు. కోపం లేదు, విన్నపం లేదు. విషయం చెప్పాడంతే. ఆ తర్వాత మా ఆఫీసులో నెలను అంకెల్లో రాయడం మానేశాం. అక్షరాల్లో రాయాలని నేను సర్క్యులర్ తీసుకొస్తే ఇద్దరూ మాట్లాడకుండా సంతకం చేశారు.

ఆయనకు భాష వచ్చింది వినడం వల్ల కాదు, చూడటం వల్ల. నాకొక సూత్రం చెప్పాడు. "దొర ఏం చెప్పినా పదితోటి గుణించాలె. పటేలు ఏం చెప్పినా పదితోటి భాగించాలె. దొర 'నాట్ బ్యాడ్' అన్నడనుకో, మస్తుగున్నదన్నట్టు. పటేలు 'గ్రేట్' అన్నడనుకో, నడుస్తది అన్నట్టు. దొర 'ఇంట్రెస్టింగ్' అంటే, ఇగ ఆ కాగితం చింపేసుడే." నేను డ్రాయింగులు పట్టుకుని దొర గదిలోంచి వస్తే, ఏమన్నాడో అడిగి, నేను చెప్పిన మాటను గుణించి, ఫలితం చెప్పేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

చివరికి ఇద్దరికీ మాటలు ఆగిపోయే రోజు వచ్చింది. కంపెనీకి పని ఇచ్చిన ఖతరీ పెద్దమనుషుల ముందు, నిండు మీటింగులో, పటేలు దొర వీపు మీద చరిచి పేరుపెట్టి పిలిచాడు. దొరది నాలుగు ముక్కల పొడుగాటి పేరు. పటేలు దాన్ని ఒక్క అక్షరానికి కత్తిరించాడు. దొర టీ కప్పు బల్ల మీద పెట్టాడు. అంతే. మర్నాటి నుంచి పటేలుతో మాట్లాడటం మానేశాడు. ఎందుకు మానేశాడో అర్థంకాక మూడు రోజులు తిరిగి, పటేలూ మానేశాడు.

ఒకే బండిలో రోజూ రెండు గంటలు కూర్చోవాలి. పని గురించి మాట్లాడక తప్పదు. అందుకని ఇద్దరూ మనవాడి ద్వారా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషులో దొర, ఇంగ్లీషులో పటేలు, మధ్యలో తనకొచ్చిన నలభై ఇంగ్లీషు మాటలతో ఈయన.

"ఆ మూడో నెంబరు వాల్వు ఇంకా రాలేదని, అది కొంచెం నిరాశ కలిగించిందని, ముందు కూర్చున్న పెద్దమనిషికి చెప్పగలవా?" అని దొర.

"సార్, త్రీ వాల్వ్ మాఫీ. సార్ వెరీ వెరీ యాంగ్రీ" అని మనవాడు. మాఫీ అంటే అరబ్బులో లేదు అని.

"అది నేను అడ్డంగా పడి తెప్పిస్తాను, లేకపోతే నా టోపీ తినేస్తానని చెప్పు!" అని పటేలు.

మనవాడు చిన్న అద్దంలో పటేలు మొహం ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, "సార్, టూ వీక్స్" అనేవాడు.

వాల్వు సరిగ్గా రెండు వారాలకు వచ్చింది.

ఇది నాలుగు నెలలు సాగింది. సైటులో అందరికీ ఇదో వేడుక. నవ్వు ఆగిన రోజు ఒకటే.

ఖతర్‌లో వాన పడటమే అరుదు. ఆ జనవరిలో రెండు రోజులు వరసగా పడింది. మూడో రోజు ఎండ కాసింది. రెండు రోజుల పని పోయిందని పటేలు పొద్దున్నే మనుషుల్ని దింపించాడు. పైపు కోసం తవ్విన కాలవ అక్కడ రెండు నిలువుల లోతుంటుంది. లోపల పదకొండు మంది. నిజామాబాదు, కరీంనగర్ వైపు వాళ్ళే ఎక్కువ. ఆదివారాలు మనవాడి గదికి వచ్చి అన్నం వండుకు తినేవాళ్ళు వాళ్ళలో నలుగురైదుగురు.

మేం బండి దిగాం. దొర గొడుగు ముడిచి కాలవ అంచు దాకా వెళ్ళాడు. వంగి చూశాడు. తడి మట్టి మీద గొడుగు మొనతో ఒకచోట గుచ్చాడు. వెనక్కి వచ్చి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి పటేలు మొహంలోకి సూటిగా చూసి మాట్లాడాడు.

"ఈ రోజు వాళ్ళు టీ కొంచెం ముందుగా తాగితే, నా మనసుకు కాస్త హాయిగా ఉంటుంది."

పటేలు చేతులు పైకెత్తాడు. "టీ! మళ్ళీ టీ! రెండు రోజుల పని పోయి మేం చస్తుంటే ఈయనకు టీ కావాలి!"

"నేను చెప్పాల్సింది చెప్పాను" అన్నాడు దొర. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది. కింది పెదవి మాత్రం కొంచెం బిగిసింది. అది నాకు కనిపించలేదు, తర్వాత మనవాడు చెబితే తెలిసింది.

మనవాడు పటేలు ముందుకు వచ్చి నిలబడ్డాడు. "సార్, హీ సే లిటిల్. లిటిల్ మీన్స్ బిగ్. వెరీ బిగ్ సార్."

"ఏమంటున్నావు బడ్డీ?"

వివరించడానికి ఆయన దగ్గర ఇంగ్లీషు అయిపోయింది. ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. తర్వాత కాలవ వైపు పరుగెత్తాడు. నలభై అయిదేళ్ళ పొట్టి మనిషి, గోధుమరంగు స్వెటర్‌తో.

"ఓరి! అందరు పైకి రాండ్రి! పనిముట్లు ఆడనే ఇడిసిపెట్టున్రి! యల్లా, యల్లా! రా బిడ్డా, మల్ల అడుగు, ముందుగాల పైకి రా!"

సొంత ఊరి మాట వినబడేసరికి వాళ్ళు ఎందుకని అడగలేదు. నిచ్చెనల వెంట ఒకరి వెనక ఒకరు ఎక్కారు. ఈలోగా ఫోర్‌మన్ వచ్చి మనవాడి చొక్కా పట్టుకున్నాడు. డ్రైవరుకు ఇక్కడేం పని, సాయంత్రానికల్లా విమానం ఎక్కిస్తానని హిందీలో తిట్టాడు. మనవాడు ఆ తిట్లు వినటం లేదు. ఎక్కుతున్నవాళ్ళను లెక్కపెడుతున్నాడు. పదకొండో మనిషి చెయ్యి పట్టి లాగాక, అప్పుడు ఫోర్‌మన్ వైపు తిరిగి, "ఇప్పుడు తిట్టు భాయ్" అన్నాడు.

పదకొండు మందీ టీ డబ్బా దగ్గర వరసలో నిలబడి ఉండగా కాలవ అవతలి గోడ కూలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. బస్తాలోంచి బియ్యం జారినట్టు జారింది. చూస్తుండగానే సగం కాలవ పూడిపోయింది. గడ్డపారలు కనబడలేదు.

పటేలు మొహం సున్నం కొట్టినట్టయింది. దొర వైపు తిరిగి అరిచాడు. "అంత ప్రమాదమైతే చెప్పొచ్చు కదయ్యా!"

"చెప్పాను. చాలా స్పష్టంగా చెప్పాను" అన్నాడు దొర. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంతకంటే గట్టిగా నేను నా జీవితంలో ఎప్పుడూ చెప్పలేదు."

అది నిజమేనని పటేలుకు అప్పుడు అర్థమైందనుకుంటాను. ఇసుక మీద అలాగే కూలబడిపోయాడు. కాసేపటికి లేచి వచ్చి, మనవాడిని రెండు చేతులతో ఎత్తి, ప్రపంచంలోకెల్లా గొప్పవాడివి నువ్వే అన్నాడు. దొర చెయ్యి కలిపి, "చాలా ఉపయోగపడ్డావు" అన్నాడు.

మనవాడు నా దగ్గరకొచ్చి, నలిగిన కాలరు సరిచేసుకుంటూ, "గుణించి, భాగించి సూసిన తమ్మి. ఇద్దరిదీ ఒక్కటే అయితున్నది" అన్నాడు. ఆయన్ని బండి మెట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాను. ఫోర్‌మన్ మళ్ళీ ఆయన జోలికి రాలేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఎవరూ ఏసీ ముట్టుకోలేదు. కిటికీ దించలేదు. చాలాదూరం వచ్చాక పటేలు అడిగాడు. "ఆయన మాట నాకు అర్థం కాలేదు. నీకెలా అర్థమైంది?"

ఈసారి జవాబు కోసం ఆగాడు. వెనక దొర కూడా ముందుకు వంగాడు.

మనవాడు "కేమెల్ సార్" అన్నాడు. ఇంగ్లీషు అంతకుమించి ముందుకు పోలేదు. తెలుగులోకి దిగి, "నువ్వు చెప్పు తమ్మి వాళ్ళకు" అన్నాడు. ఆ రోజు ఆయన మాటలకు నేను అనువాదకుణ్ణి.

డ్రైవరు కాకముందు ఆరేళ్ళు షహానియాలో ఒక ఒంటెల కొట్టంలో పనిచేశాడట. అన్నాళ్ళూ అదే బండిలో కూర్చున్న నాకు ఆ సంగతి తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అక్కడ చుట్టుపక్కల తెలుగు మనిషి లేడు. హిందీ అప్పటికి రాదు. "ఒంటె నొప్పున్నా అరవదు తమ్మి. మొహంల ఏం కనబడనియ్యదు. కింది పెదిమె జెర బిగవడ్తది, గంతే. అది సూసి తెలుసుకోవాలె. తెలుసుకోకపోతె పొద్దుగాల్లకు సచ్చి ఉంటది, యజమాని మనల్నే తిడ్తడు."

అక్కడ ఒక ఆడ ఒంటె తన పిల్ల చచ్చిపోయాక మేత మానేసిందట. నాలుగు రోజులు చూసి అమ్మేస్తానన్నాడట యజమాని. ఈయన పనయ్యాక దాని పక్కన కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంటి సంగతులు, కూతురి సంగతులు, అన్నీ. "ఆర్నెల్లు నేను తెలుగు మాట్లాడింది గా ఒంటెతోనే." మాట్లాడుతూ ఉంటే కొంచెం కొంచెం తినడం మొదలుపెట్టింది. ఒంటెల పందేలు ఇంక వారం ఉన్నాయనగా ఒక పొద్దున అది కూలబడి లేవనన్నది. యజమాని డాక్టరును తెచ్చాడు. డాక్టరు చూసి తల అడ్డంగా తిప్పాడు...

అక్కడికి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో వాళ్ళ ఆవరణ గేటు వచ్చేసింది. బండి ఆగింది. ఇద్దరూ దిగలేక దిగలేక దిగారు.

మర్నాడు నేను బండి దగ్గరకు వెళ్ళేసరికి దొర అందరికంటే ముందు వచ్చి కూర్చుని ఉన్నాడు, ముందు సీట్లో. పటేలు వచ్చి చూసి, వెనక నా పక్కన సర్దుకుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు.

"ఆ ఒంటె లేచిందా?" అన్నాడు దొర.

మనవాడు తాళం తిప్పబోయినవాడల్లా ఆగి, నా వైపు చూశాడు. మొహమంతా నవ్వు. "చెప్పు తమ్మి. లేవలేదను. అప్పుడే లేవలేదను. గని యినుమను" అన్నాడు.

ఆ రోజు బండి గంటకు అరవై దాటలేదు. మధ్యలో ఒకసారి రోడ్డు పక్కన ఆపి, ఒంటెను ఎలా లేపాలో తన నడుము మీద చెయ్యి వేసుకుని చూపించాడు. పటేలు కూడా దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒంటెలా లేవడానికి ప్రయత్నించాడు. దొర ఆయనకు చెయ్యి అందించాడు.

సైటుకు నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాం. ఆలస్యమైతే కారణం రాసి అధికారి సంతకం పెట్టాలని దొర పెట్టిన నియమమే ఒకటుంది. ఇద్దరూ ఒకే కాగితం మీద పక్కపక్కన సంతకాలు చేసి, కారణం నన్ను రాయమన్నారు.

'ఒంటె' అని రాసి, నెంబరు వేసి, ఫైల్లో పెట్టాను.